ఢిల్లీ డీలర్ దగ్గర కారు కొంటున్నారా? లైఫ్ ట్యాక్స్, ఎన్‌వోసీ లెక్క ముందు తేల్చుకోండి

నమస్తే అండీ. నా వెనకాల ఉన్నది 2019 మోడల్ డీజిల్ క్రెటా, డీఎల్ నంబర్. ఢిల్లీలో సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే ఒక డీలర్ వీడియో కోసం ఇచ్చారు, డీజిల్ ఖర్చు కూడా వాళ్లదే. అది ముందే చెప్పేస్తున్నా. ఇంజిన్, మైలేజీ, ఫీచర్లు మీరు ఇప్పటికే బోలెడు వీడియోల్లో చూసుంటారు. బండి బాగుంది, ఏసీ చల్లగా వస్తోంది, క్లచ్ కాస్త గట్టిగా ఉంది. నేను మాట్లాడాలనుకుంటున్నది ఈ బండి మన ఊరొచ్చి మన నంబర్ ఎక్కడానికి ఎంతవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అనే దాని గురించి.

ఢిల్లీ బండి రేటు తక్కువంటే బండిలో లోపం ఉందనే అనుకోకండి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2015లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. 2025 ఆగస్టులో ఆ బండ్ల ఓనర్ల మీద బలవంతపు చర్యలు వద్దని కోర్టు అన్నా, ఓనర్ల భయం మాత్రం పోలేదు. అందుకే అక్కడ డీజిల్ కారు ఆరో ఏడు, ఏడో ఏడు వచ్చేసరికి అమ్మకానికి వచ్చేస్తుంది. అది నిజమైన కారణమే.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. "ఆల్ ఇన్‌క్లూడెడ్ సార్, ట్రాన్స్‌ఫర్ మాదే" అంటారు డీలర్లు. ఆ మాటలో సాధారణంగా ఉండేది ఎన్‌వోసీ ఖర్చు మాత్రమే, అంటే బండి వేరే రాష్ట్రానికి వెళ్లడానికి అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే పత్రం ఖర్చు. మన దగ్గర రిజిస్ట్రేషన్‌కి ఒకేసారి కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ అందులో ఉండదు. ఆ ట్యాక్స్ మీరు కొన్న రేటు మీద వేయరు, బండి కొత్తగా ఉన్నప్పటి ఇన్‌వాయిస్ ధర మీద వేస్తారు. వయసు పెరిగేకొద్దీ శాతం కొద్దికొద్దిగా తగ్గుతుంది, సెకండ్ హ్యాండ్ రేటు పడిపోయినంత వేగంగా తగ్గదు. ఉదాహరణకు కొత్తలో 14 లక్షల బండి, మీకు 8 లక్షలకు వచ్చింది. ట్యాక్స్ పది శాతం అనుకున్నా లక్షా నలభై వేలు. 8 లక్షల మీద ఎనభై వేలే కదా అని లెక్కేసుకున్నవాళ్లు అక్కడే దెబ్బతింటారు. కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే పాత ఇన్‌వాయిస్ కాపీ అడగండి. దాన్నీ, ఆర్సీలో ఉన్న మొదటి రిజిస్ట్రేషన్ తేదీనీ పట్టుకుని మీ ఆర్టీవో ఆఫీసులో ట్యాక్స్ ఎంతో కనుక్కోండి. ఆ మొత్తం కలిపాక కూడా ఇక్కడి రేటు కంటే తక్కువ పడితేనే బేరం. ఢిల్లీలో కట్టిన ట్యాక్స్ రీఫండ్ వస్తుందని ఎవరైనా అంటే దాన్ని మీ లెక్కలో వేసుకోకండి.

"12 నెలలు అదే నంబర్ మీద తిప్పుకోవచ్చు" అని ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47లో ఆ 12 నెలలు ఉన్నమాట నిజమే, అది నంబర్ మార్పిడికి సంబంధించిన గడువు. మీరు బండి కొన్నారు, అంటే ఓనర్ మారారు. కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేయాలని సెక్షన్ 50 చెబుతోంది. ఆ రెండిటినీ కలిపేసి చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు.

ఎన్‌వోసీ దగ్గరికి వద్దాం. దరఖాస్తు ఫారం 28, దాని మీద ఛాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్ (నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు). పెండింగ్ చలాన్లు ఉంటే అక్కడే ఆగుతుంది. లోన్ ఉండి ఉంటే అది తీరిపోయిందని బ్యాంకు లెటర్, ఫారం 35 కావాలి. ఇవన్నీ డీలర్ చేస్తాడు, నిజమే. ఎన్‌వోసీ మీద ఏ ఆర్టీవో పేరుందో మాత్రం మీరే చూడాలి. మీ ఆధార్ అడ్రస్ మేడ్చల్ పరిధిలో ఉండి, ఎన్‌వోసీ ఖైరతాబాద్‌కి తెచ్చారనుకోండి, దాన్ని సరిచేయించడానికి కాగితం మళ్లీ ఢిల్లీకే వెళ్లాలి. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు అక్షరం అక్షరం ఆర్సీతో సరిపోల్చండి. ఓనర్ పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 మీద పాత ఓనర్ సంతకం ఆర్సీ రికార్డులో ఉన్నట్టే ఉండాలి. తేడా వస్తే ఆ మనిషిని ఢిల్లీలో వెతికి మళ్లీ సంతకం పెట్టించే ఓపిక బండి అమ్మేశాక డీలర్‌కి ఉండదు.

2023 ఏప్రిల్ నుంచి ఇంకో సదుపాయం వచ్చింది, దీన్ని అడిగేవాళ్లు తక్కువ. సెకండ్ హ్యాండ్ డీలర్‌కి ఆర్టీవో ఇచ్చే అధికార పత్రం ఉంటుంది, ఫారం 29బి. ఓనర్ బండి అప్పగించినట్టు ఫారం 29సి ఆన్‌లైన్‌లో ఎక్కించాక ఎన్‌వోసీకి డీలరే దరఖాస్తు పెట్టవచ్చు. ఆ రెండూ చూపించమనండి. చూపించలేకపోతే మీరు మాట్లాడుతున్నది బ్రోకర్‌తో, బేరం కూడా ఆ లెక్కలోనే చేయండి.

బండి చూసేటప్పుడు వరద గుర్తులు తప్పకుండా వెతకండి. 2023 జులైలో యమున 208.66 మీటర్లకు చేరింది, అదే డిసెంబర్‌లో చెన్నై మునిగింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ కార్లు ఎన్ని నీళ్లలో నిలిచాయో మనకు తెలుసు. మునిగిన బండిని దాని సంగతి తెలిసిన ఊళ్లో అమ్మడం కష్టం, అందుకే రాష్ట్రం దాటిస్తారు. సీట్ బెల్టు చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉంటే అక్కడే బయటపడుతుంది. సీటు కింద వైర్ల కనెక్టర్లు, స్టెప్నీ గుంత చూడండి. కిలోమీటర్లకు మీటర్ని నమ్మకుండా, కంపెనీ సర్వీస్ సెంటర్ హిస్టరీలో చివరి రీడింగ్‌తో పోల్చండి.

ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని 14 రోజుల్లో అడగాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా కట్టాలి. అది వదిలేస్తే దారిలో ఏదైనా తగిలినప్పుడు మీ బండి డ్యామేజీ క్లెయిమ్ తిరగ్గొడతారు. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి ఆగ్రా, ఝాన్సీ, నాగ్‌పూర్ మీదుగా పదిహేను వందల కిలోమీటర్ల పైనే ఉంది, కాబట్టి బయల్దేరేముందే ఈ పని అయిపోవాలి. ఫాస్టాగ్ కూడా పాతది మూయించి కొత్తది తీసుకోండి.

ఇక ఈ క్రెటా సంగతి. డీలర్ 29బి చూపించారు, హిస్టరీ సరిపోయింది, సీట్ బెల్టులు శుభ్రంగా ఉన్నాయి. ఇన్‌వాయిస్ కాపీ మాత్రం అడిగితే "తర్వాత పంపిస్తాం" అన్నారు. ఆ ఒక్క కాగితం లేకుండా లైఫ్ ట్యాక్స్ ఎంతో ఎవరూ తేల్చి చెప్పలేరు కాబట్టి, బండి నాకు నచ్చినా, అది చేతికి వచ్చేదాకా దీనికి అడ్వాన్స్ ఇవ్వమని నేను చెప్పను. కాగితం వచ్చి లెక్క కుదిరితే తీసుకోండి. అప్పుడు కూడా కనీసం పదోవంతు డబ్బు మీ దగ్గరే ఆపుకుని, మీ ఆర్టీవో పేరుతో ఎన్‌వోసీ ఒరిజినల్ చేతికి అందాకే ఇవ్వండి.