ఆకు మేసే చేప పొట్టలో ఏం జరుగుతుంది?

(తెరపై: నీటిమొక్క ఆకును తుంచుతున్న గడ్డి చేప)

ఆకును తుంచి లోపలికి లాక్కుంటున్న ఈ గడ్డి చేప దవడలకు ఒక్క పన్ను కూడా లేదు. దాని పళ్లన్నీ గొంతులో, మొప్పల వెనుక ఉంటాయి. రంపంలా గాట్లున్న ఆ గ్రసని దంతాలు, పుర్రె అడుగునున్న గట్టి పలక మీద ఆకును ఒత్తి, చీల్చి, నలుపుతాయి.

ఇంత నలపడం ఎందుకంటే, మొక్కలోని పోషకాలన్నీ సెల్యులోజ్ అనే గట్టి పీచు పదార్థంతో అల్లిన కణకవచం లోపల బందీలై ఉంటాయి, ఆ గోడను కరిగించేంత ఎంజైము చేప శరీరం స్వయంగా తయారు చేసుకోలేదు. పైగా గడ్డి చేపకు జీర్ణాశయమే లేదు. గొంతు దాటిన మేత నేరుగా పేగులోకి వెళుతుంది. పళ్లకు చిక్కని కణాలు చెక్కుచెదరకుండా బయటికి పోతాయి. తిన్నదాంట్లో దాదాపు సగం అలా వృథా కావడం వల్లే అది అంత ఎడతెరిపి లేకుండా మేస్తుంది.

చిలుక చేపకూ జీర్ణాశయం లేదు. అది ముక్కులాంటి పళ్లతో పగడపు రాతిని గీకి, గొంతులోని పళ్లతో పిండి చేసి, మిగిలిన సున్నాన్ని ఇసుకగా విసర్జిస్తుంది.

(తెరపై: ఒకే తిలాపియా మలం, ఉదయం ఆకుపచ్చగా, తరువాత గోధుమ రంగులో)

తిలాపియాది మరో దారి, నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. ఉగాండాలోని జార్జ్ సరస్సులో పరిశోధకులు గమనించినదేమిటంటే, నైల్ తిలాపియా ఉదయం మేత మొదలుపెట్టినప్పుడు జీర్ణాశయంలో ఆమ్లం ఇంకా చాలదు కాబట్టి, మింగిన నీలి ఆకుపచ్చ నాచు అదే రంగుతో బయటికి వచ్చేస్తుంది. మేస్తున్నకొద్దీ ఆమ్లం ఊరి, పీహెచ్ (ఆమ్లత కొలత, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటెక్కినట్టు) 2 కంటే దిగువకు పడిపోయాక, నాచు కణాల గోడలు విరిగి మలం గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఇక నలపడంతోనూ ఆమ్లంతోనూ లొంగని సముద్రపు నాచును మేసే కొన్ని చేపలు సూక్ష్మజీవుల సాయం తీసుకుంటాయి. వాటి పేగు చివరి భాగంలో బ్యాక్టీరియా ఆ నాచును పులియబెట్టి కొవ్వు ఆమ్లాలుగా మారిస్తే, చేప వాటిని రక్తంలోకి పీల్చుకుని శక్తిగా వాడుకుంటుంది. సర్జన్ చేపల పేగుల్లో 1985లో కనుగొన్న ఎపులోపిషియం అనే జీవి అర మిల్లీమీటరు దాటి పెరుగుతుంది, అంటే కంటికే కనిపిస్తుంది. అంత పెద్దది బ్యాక్టీరియా అయి ఉండదని మొదట భావించారు. అది బ్యాక్టీరియాయేనని 1993లో తేలింది.

(తెరపై: గుడ్డు నుంచి బయటపడిన పిల్ల చేప)

ఈ ఏర్పాట్లేవీ పుట్టుకతో సిద్ధంగా ఉండవు. గడ్డి చేప పిల్ల తొలిరోజుల్లో నీటిలో తేలాడే సన్నని జీవులైన జంతుప్లవకాలనే తింటుంది, అప్పటికి దాని పేగు పొట్టిగా, దాదాపు తిన్నగా ఉంటుంది. గొంతులో పళ్లు గట్టిపడి మేత ఆకుల వైపు మళ్లేకొద్దీ ఆ పేగు సాగి, మెలికలు తిరిగి, చివరికి శరీరం కంటే పొడవవుతుంది.