పాత పల్లె పెట్టె కథను దాని రంగులోనే చదవొచ్చు

పూలూ పక్షులూ వేసిన పాత చెక్క పెట్టె కనిపిస్తే మన చూపు ముందు ఆ పూల మీదే ఆగుతుంది. కాసేపు ఆగనివ్వండి, తొందరేం లేదు.

ఆల్ప్స్ పల్లెల్లో, నార్వేలో రైతులకి చవగ్గా దొరికింది పైన్ లాంటి మెత్తని కలప. ఖరీదైన వాల్‌నట్ కలప కొనే స్తోమత అందరికీ ఉండదు కదా. అందుకే కొందరు పైన్ మీద రంగు పూసి, అది ఆరకముందే దువ్వెనతో చారలు లాగి, ఖరీదైన కలపలా కనిపించేలా చేసేవారు. చిన్నపాటి డాబు అన్నమాట! నాకు మాత్రం అసలు వాల్‌నట్ కన్నా ఈ డాబే ముద్దొస్తుంది. నార్వేలో మెలికలు తిరిగే తీగలు, హంగేరీలో తులిప్ పూలు. ఇలాంటి పెట్టెలు చాలావరకు పెళ్లికూతురి సామానుతో అత్తారింటికి వెళ్లినవే. కొన్నింటి మీద ఆమె పేరు, సంవత్సరం కూడా ఉంటాయి.

ఆ సంవత్సరం చూసి వెంటనే నమ్మేయకండి, తర్వాత ఎవరైనా రాసి ఉండొచ్చు. పెట్టె వెనక్కి, అడుక్కి వెళ్లండి. కలప మీద విల్లులా వంగిన రంపపు గీతలుంటే అది గుండ్రటి రంపంతో కోసింది, అంటే ఎక్కువగా 19వ శతాబ్దం, ఆ తర్వాతిది. గుండ్రటి తీగ మేకులు వాడుకలోకి వచ్చింది కూడా ఆ శతాబ్దం చివర్లోనే. అయితే మరమ్మతులో కొత్త మేకు కొట్టి ఉండొచ్చు, ఒక్క మేకుతో తీర్పు చెప్పొద్దు.

మీరు చూస్తున్నది పెట్టె కాక గుండ్రటి బల్ల అయితే, టేపుతో కలప చారల వెంట ఒకసారి, వాటికి అడ్డంగా ఒకసారి కొలవండి. కలప తన సహజ చారలకి అడ్డంగానే ఎక్కువ కుంచించుకుపోతుంది కాబట్టి పాత బల్ల కాస్త కోలగా మారుతుంది.

ఇక అరుగుదల. మూత అంచున చేయి పడే చోట, కింద కాళ్లు తగిలే చోట రంగు పోవాలి. ఎవరూ ముట్టుకోని మూలల్లో కూడా సమానంగా పోయిందంటే అది శాండ్ పేపర్ పనే.

ఇంటికి తెచ్చాక దయచేసి రంగు గీకేయకండి. పాత రంగులో సీసం ఉండొచ్చు, గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డ కూడా వద్దు, కొన్ని పాత రంగులు నీళ్లకే కరిగిపోతాయి. మెత్తటి పొడి బ్రష్ చాలు. చిన్న రంధ్రాల్లోంచి లేతరంగు పొడి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉండొచ్చు. నిపుణులకి చూపించేదాకా ఆ పెట్టెను మిగతా ఫర్నిచర్‌కి దూరంగా పెట్టండి.