తూకం కోసం దాహం చంపుకోవద్దు

కబడ్డీ, కుస్తీ ఆడే పిల్లలకు, కోచ్‌లకు, వాళ్లతో తిరుపతి దాకా వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం.

వినేశ్ ఫోగట్ మీ అందరికీ తెలుసు. 2024 ఆగస్టు 6న పారిస్ ఒలింపిక్స్ కుస్తీలో 50 కిలోల విభాగంలో తూకం సరిపోయింది. ఆ రోజే మూడు బౌట్లు గెలిచింది. మొదటి బౌట్‌లోనే, అప్పటిదాకా విదేశీయుల చేతిలో ఓడని జపాన్ అమ్మాయి యుయి సుసాకిని ఓడించింది. మర్నాడు పొద్దున ఫైనల్‌కు ముందు మళ్లీ తూస్తే 100 గ్రాములు ఎక్కువ తూగింది. ఫైనల్ పోయింది, పతకమూ పోయింది. అప్పీలు కూడా కొట్టేశారు.

అందరూ ఆ 100 గ్రాముల గురించే మాట్లాడారు. నన్ను బాధపెట్టేది ఆ రాత్రి. తిండీ నీళ్లూ తగ్గించి, నిద్ర లేకుండా కసరత్తు చేసి, చెమట పట్టించి, చివరికి జుట్టు కూడా కత్తిరించుకుంది. తర్వాత సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

బక్కపిల్ల మీదికి బరువైన పిల్లను దించకూడదనే బరువు విభాగాలు పెట్టారు. మంచి ఉద్దేశమే. కానీ ఒకరు ఒంట్లో నీళ్లు పిండుకుని కింది విభాగంలోకి దిగితే, ఎదుటివాళ్లకూ అదే తప్పదు. ఇక న్యాయం ఎక్కడుంది?

ఒంటి బరువులో 2 శాతం నీళ్లు పోతేనే ఆట మందగిస్తుంది. 50 కిలోల పిల్లకు అది ఒక్క కిలో. రక్తం పరిమాణం తగ్గి గుండె ఎక్కువ కష్టపడుతుంది. చెమట తగ్గి లోపలి వేడి బయటికి పోదు. మన మే నెల ఎండల్లో రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తడం అంటే ప్రాణంతో పందెమే.

1997 చివర్లో అమెరికా కాలేజీల్లో ముగ్గురు కుస్తీ కుర్రాళ్లు ఇలాగే బరువు తగ్గబోయి చనిపోయారు. ఆ తర్వాత అక్కడ ఆవిరి గదులు, రబ్బరు సూట్లు నిషేధించారు. తూకం వేసే సమయాన్ని పోటీకి దగ్గరగా జరిపారు. మూత్రపరీక్షతో ఒంట్లో సరిపడా నీళ్లున్నాయని చూశాకే, ఎవరు ఎంతకన్నా తగ్గకూడదో తేల్చడం మొదలుపెట్టారు. నా దృష్టిలో ఈ చివరిదే కీలకం. పారిస్‌లోనూ తూకం పోటీ రోజు పొద్దుటే జరిగింది, అయినా ఏం ఆగింది?

జిల్లా పోటీలకు ఇదంతా ఎక్కడ కుదురుతుంది అంటారేమో. చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటర్ మీద ఒక్క చుక్క వేస్తే చాలు, మూత్రం ఎంత చిక్కగా ఉందో తెలుస్తుంది. తిరుపతి, చిత్తూరు పోటీల నిర్వాహకులు తూకం మిషన్ పక్కన దాన్నీ పెట్టాలి. కోచ్‌లూ, పిల్ల బరువు పెరిగితే పై విభాగంలో పేరు రాయండి. అమ్మానాన్నలూ, తూకానికి ముందు రోజు మీ బిడ్డ నీళ్లు వద్దంటే, ఎవరు మానమన్నారో ఆ రోజే అడగండి.