కమిషన్ సరే, తరుగు ఎవరి నెత్తిన?

(కర్నూలు స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: మండల సమాఖ్య మాజీ అధ్యక్షురాలు, సహకార సంఘాల ఆడిటర్)

వ్యాఖ్యాత: కంది కొనుగోలు కేంద్రం నడపమని, ప్రభుత్వం తరఫున పంటలు కొనే మార్క్‌ఫెడ్ లాంటి సంస్థ మహిళా సమాఖ్యను అడిగిందనుకోండి. ముందు ఏం చూసుకోవాలమ్మా?

మాజీ అధ్యక్షురాలు: అందరూ కమిషన్ ఎంతని అడుగుతారు సార్. సరుకు ఏ గడప దాకా మన పూచీ అని అడగాల. తూకమేసి రసీదిస్తే రైతు పని అయిపాయ. ఒప్పందంలో వేరే మాట లేకుంటే, గోదాములో దించుకున్నట్టు రసీదు వచ్చేదాకా ఆ బరువు సమాఖ్య మెడకే.

ఆడిటర్: దెబ్బ తగిలేది అక్కడే. కందుల్లో తేమ 12 శాతం దాకా ఒప్పుకుంటారు. ఆ తేమతో కొన్న 100 క్వింటాళ్లు, లారీ రాక ఎండకు పడివుండి 10 శాతానికి దిగాయనుకోండి. ఒక్క గింజ పోకున్నా 222 కిలోలు తగ్గుతాయి. 2025-26 మద్దతు ధర క్వింటాకు 8,000 రూపాయలు. లెక్కేస్తే 17 వేలు దాటింది.

వ్యాఖ్యాత: ఎవరో కాజేశారంటారు.

మాజీ అధ్యక్షురాలు: ఊర్లో మొదట అనేది అదే! అందుకే కొన్నప్పుడొకసారి, లారీకి ఎత్తేటప్పుడొకసారి తేమ రాయాల. తేమ కొలిచే గోదాము మీటరు, మన మీటరు ఒకే గుప్పెడు కందుల మీద ముందే పెట్టి చూడాల. కొన్నాక తేడా వచ్చిందంటే వినేవాళ్లుండరు.

ఆడిటర్: తరుగు ఎంతవరకు ఒప్పుకుంటారో కాగితం మీద రాయించుకోవాలి. లారీ బాడుగ, హమాలీ కూలి ముందుగా ఎవరు పెడతారన్నదీ అంతే. చాలాచోట్ల పొదుపు ఖాతాలోంచి తీసి కట్టేస్తారు. రావాల్సిన డబ్బు ఆలస్యమవుతుంది, ఆలోపు బ్యాంకు కిస్తీ తప్పుతుంది. కొనుగోలుకు వేరే ఖాతా తెరవండి.

వ్యాఖ్యాత: సంతకం ఎవరు పెట్టాలి?

ఆడిటర్: 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సమాఖ్య అయితే, ఒప్పందం సమాఖ్య పేరిటే ఉండాలి. ముందు తీర్మానం, తర్వాత సంతకం. నాయకురాలి సొంత పేరు మీద రాసిచ్చారో, పదవి దిగినా ఆ బాకీ ఆమె ఇంటికే వస్తుంది.

వ్యాఖ్యాత: స్వచ్ఛంద సంస్థలతో కలిసేటప్పుడు?

మాజీ అధ్యక్షురాలు: వాళ్లిచ్చేది గ్రాంటా, అప్పా? ఆ ఒక్క మాట తీర్మానం పుస్తకంలో ఎక్కాల. మిషన్లు ఇస్తే, ప్రాజెక్టు ముగిశాక అవి ఎవరివో కూడా. ఇంకోటి సార్, కందుల మాటలో మరిచితి. ఖాళీ గోనెసంచిని కూడా తూకమేసి రాయాల. మనం సంచి బరువు తీయకుండా రాసి, గోదాములో తీసి రాస్తే అదీ తరుగు కిందికే పోతుంది.