జామాయిల్ ఆకు మీద బుడిపెలు

శ్రోతలకు నమస్కారం.

విజయనగరం, శ్రీకాకుళం మెట్టల్లో జామాయిల్ వేసే రైతులు లేత ఆకుల ఈనెల మీద, తొడిమల మీద ఉబ్బిన బుడిపెలు కనిపిస్తే తేలిగ్గా తీసుకోకూడదు. కొమ్మల చివర్లు వంకర తిరిగి మొక్క గిడసబారుతుంది. రాయగడ కాగితం మిల్లుకు చేరవలసిన కర్ర చేలోనే ఎదుగూ బొదుగూ లేకుండా నిలిచిపోతుంది.

ఈ పని చేసేది మిల్లీమీటరుకు కాస్త మించిన కందిరీగ. పేరు లెప్టోసైబ్ ఇన్వేసా, పుట్టిల్లు ఆస్ట్రేలియా. 2000 నాటికి మధ్యధరా ప్రాంతంలో బయటపడి, ఆ వెంటనే కర్ణాటకలోనూ కనిపించింది. శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టింది 2004లో!

పిల్ల పురుగు బుడిపె లోపలే నెలల తరబడి తింటూ పెరుగుతుంది. అందుకే పైన మందు కొడితే ఖర్చే మిగులుతుంది గాని పురుగుకు తగిలేది తక్కువ.

దీని జన్యువుల కథ మరీ విచిత్రం. చాలా చోట్ల ఆడ కందిరీగ మగతోడు లేకుండానే ఆడపిల్లలను కంటుంది. దాని ఒంట్లో రికెట్సియా అనే బ్యాక్టీరియా కాపురం ఉంటోంది. మగసంతతి కొరవడటానికి అదే కారణమని శాస్త్రవేత్తలు బలంగా అనుమానిస్తున్నారు. అంటే ఒక్క ఆడ కందిరీగ నారుతో వచ్చినా వంశం నిలబడుతుంది. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉండి, తల్లి నుంచే సంక్రమించే డీఎన్ఏను 2015లో పరిశీలించినప్పుడు, చూపుకు ఒకటిగా ఉన్న ఈ పురుగులో రెండు వేర్వేరు వంశాలు బయటపడ్డాయి. ఏ వంశాన్ని తిని అదుపు చేయడానికి ఏ మిత్రకీటకం సరిపోతుందో తేల్చడానికి ఇలాంటి పరీక్షే ఆధారం.

నన్ను కలవరపెట్టేది మరొకటి. మనం నాటేవీ క్లోన్ మొక్కలే. చేనంతా ఒకే చెట్టు జన్యువులు. ఒక మొక్క తట్టుకోలేకపోతే పొలమంతా తట్టుకోలేదు. ఒకే క్లోన్‌తో ఎకరాలకు ఎకరాలు నింపడం నా దృష్టిలో ప్రమాదకరం. రెండు మూడు రకాలను వేర్వేరు మడుల్లో వేయడం మేలు.

క్వాడ్రాస్టికస్ మెండెలి అనే మరో చిన్న కందిరీగ బుడిపెలోని పిల్ల పురుగును తిని బతుకుతుంది. ఇజ్రాయెల్ దాన్ని ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలింది. మన దేశంలోనూ అది ఉంది. విచ్చలవిడిగా మందు కొడితే ముందు చచ్చేది ఈ మిత్రకీటకమే.

తొలకరికి నర్సరీలో మొక్కలు కొనేటప్పుడు లేత ఆకులను తిప్పి, ఈనెలు, తొడిమలు చూడండి. బుడిపెలు కనిపిస్తే ఆ మొక్కలను మీ ఊరికి తేవద్దు.