డిసెంబర్ 15: పటేల్ పోయిన రోజు, పొట్టి శ్రీరాములు పోయిన రోజు

[స్క్రీన్ మీద క్యాలెండర్ పేజీ: డిసెంబర్ 15]

నమస్కారం. చరిత్రలో ఈ రోజు అనగానే ఓ పెద్ద జాబితా చదివేయొచ్చు. 1832లో ఈఫిల్ టవర్‌కి పేరిచ్చిన ఇంజనీర్ గుస్తావ్ ఈఫిల్ పుట్టింది ఈ రోజే. 1970లో సోవియట్ యూనియన్ పంపిన వెనెరా 7 శుక్రగ్రహం మీద దిగి, దాదాపు 23 నిమిషాల పాటు అక్కడి నుంచి సంకేతాలు పంపింది. ఇంకో గ్రహం నేల మీద నుంచి భూమికి సమాచారం రావడం అదే మొదటిసారి.

ఈ వీడియో మాత్రం ఆ జాబితా గురించి కాదు. ఇదే తేదీన, రెండేళ్ల తేడాతో ఇద్దరు చనిపోయారు. ఒకరు దేశమంతటికీ తెలిసిన హోంమంత్రి. ఇంకొకరు, అప్పటికి నెల్లూరు దాటితే ఎక్కువమందికి తెలియని మనిషి. ఈ ఇద్దరినీ కలిపేది 1949లో వచ్చిన ఒక రిపోర్టు. మన బడి పుస్తకాల్లో ఈ రెండు మరణాలూ వేర్వేరు పాఠాల్లో ఉంటాయి. అందుకే వాటి మధ్య ఉన్న లింకు చాలామందికి తెలియకుండా పోతోందని నా బాధ.

[స్క్రీన్ మీద: బొంబాయి, 1950 డిసెంబర్ 15]

ముందు బొంబాయి వెళ్దాం. సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ వయసు 75. ఆరోగ్యం బాగా దెబ్బతినడంతో మూడు రోజుల ముందే ఢిల్లీ నుంచి విమానంలో తీసుకొచ్చారు. డిసెంబర్ 15 ఉదయం గుండెపోటుతో కన్నుమూశారు. సుమారు 565 సంస్థానాల విలీనం ఆయన పేరు మీద ఉంది. అందులో మన హైదరాబాద్ కూడా ఉంది. 1948 సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు.

ఇదంతా అందరికీ తెలిసిన కథే. తక్కువ మంది చెప్పుకునేది, ఆయన సంతకం చేసిన ఒక రిపోర్టు గురించి.

అప్పటి మద్రాసు రాష్ట్రంలో తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం మాట్లాడేవాళ్లంతా ఒకే ప్రభుత్వం కింద ఉండేవాళ్లు. తెలుగువాళ్లకి వేరే రాష్ట్రం కావాలన్న మాట అప్పటికే పాతది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. కాంగ్రెస్ పార్టీ కూడా 1920 నాగపూర్ సమావేశం నాటికే తన ప్రాంతీయ కమిటీలను భాషల ప్రకారం విభజించుకుంది. స్వరాజ్యం వస్తే రాష్ట్రాలూ అలాగే వస్తాయని జనం నమ్మారు. నమ్మడానికి తగిన కారణమే ఉంది.

స్వరాజ్యం వచ్చింది. దాంతోపాటు దేశ విభజన కూడా వచ్చింది. లక్షల మంది చనిపోయారు, కోటికి పైగా జనం ఇళ్లు వదిలేశారు. మతం పేరుతో దేశం చీలడం కళ్లారా చూసిన నాయకులకి, ఇప్పుడు భాష పేరుతో గీతలు గీయడమంటే భయం పట్టుకుంది. ఈ విషయం పరిశీలించడానికి వేసిన ధార్ కమిషన్ 1948 డిసెంబర్‌లో భాషా రాష్ట్రాలు వద్దని చెప్పింది. జనంలో కోపం రేగింది. అప్పుడు కాంగ్రెస్ ముగ్గురితో ఒక కమిటీ వేసింది. జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్య. ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరాలతో దాన్ని జేవీపీ కమిటీ అన్నారు.

1949 ఏప్రిల్‌లో ఆ కమిటీ రిపోర్టు వచ్చింది. దేశ భద్రత, ఐక్యత, ఆర్థిక అభివృద్ధి ముందు, భాషా రాష్ట్రాలు తర్వాత అన్నది దాని సారాంశం. ఆంధ్రకి మాత్రం ఒక తలుపు తెరిచి పెట్టారు. మద్రాసు నగరం మీద హక్కు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం గురించి ఆలోచించవచ్చన్నారు. సంతకం చేసిన ముగ్గురిలో పట్టాభి మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టిన మనిషి, ఆంధ్ర రాష్ట్రం కోసం ఏళ్ల తరబడి వాదించిన మనిషి. అలాంటి ఆయన కూడా ఆ షరతుకు ఒప్పుకున్నారంటే ఆనాటి భయం ఏ స్థాయిలో ఉందో ఊహించుకోండి.

మద్రాసు దగ్గరే బండి ఆగిపోయింది. 1949 చివర్లో విభజన వివరాలు తేల్చడానికి మద్రాసు ప్రభుత్వం వేసిన కమిటీలో ప్రకాశం పంతులు గారు అసమ్మతి తెలిపారు. ఏకాభిప్రాయం లేదు కాబట్టి విషయం పక్కకి పోయింది. 1951లో స్వామి సీతారాం, అంటే గొల్లపూడి సీతారామశాస్త్రి గారు, 35 రోజులు నిరాహార దీక్ష చేశారు. వినోబా భావే మాట మీద విరమించారు. ఫలితం ఏమీ రాలేదు. 1952 ఎన్నికల్లో తెలుగు జిల్లాల్లో కాంగ్రెస్ గట్టిగా దెబ్బతింది. అయినా ఢిల్లీలో కదలిక లేదు.

[స్క్రీన్ మీద: పొట్టి శ్రీరాములు, 1901–1952]

ఇప్పుడు రెండో మనిషి దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే మనం శ్రీరాములు గారిని దాదాపు ఎప్పుడూ ఆయన చివరి 58 రోజులతోనే గుర్తుపెట్టుకుంటాం. అంతకు ముందు ఆయనకి 51 ఏళ్ల జీవితం ఉంది.

1901 మార్చి 16న మద్రాసులోనే పుట్టారు. కుటుంబానిది నెల్లూరు ప్రాంతం. బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగ్ చదివి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులర్ రైల్వేలో ఉద్యోగం చేశారు. ముప్పై ఏళ్లు నిండకముందే భార్యనీ, పసిబిడ్డనీ పోగొట్టుకున్నారు. ఉద్యోగం వదిలేసి సబర్మతిలో గాంధీ ఆశ్రమానికి వెళ్లిపోయారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలు, క్విట్ ఇండియాలో జైలు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. నెల్లూరులో దళితుల ఆలయ ప్రవేశం కోసం పట్టుపట్టారు. మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి అందరినీ రానివ్వాలని 1946లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. గుడి తలుపులు తెరుచుకున్నాయి. తర్వాతి రోజుల్లో అంటరానితనానికి వ్యతిరేకంగా రాసిన అట్టలు మెడలో వేసుకుని, నెల్లూరు ఎండలో చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా వీధుల్లో తిరిగేవారు. పిచ్చివాడన్నవాళ్లు ఉన్నారు. ఆయన మానలేదు. ఆంధ్ర రాష్ట్రం కోసం కూర్చునే నాటికే ఆయనకి ఆకలి కొత్త కాదు. ఒకసారి కూర్చున్నాక మధ్యలో లేచే రకం కాదని ఆయన్ని ఎరిగినవాళ్లకి బాగా తెలుసు.

[స్క్రీన్ మీద: మైలాపూర్, మద్రాసు. 1952 అక్టోబర్ 19]

దీక్ష మొదలైంది మద్రాసు మైలాపూర్‌లో, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. సాంబమూర్తి గారు మద్రాసు శాసనసభకి ఒకప్పటి స్పీకర్. మొదటి వారాల్లో పెద్ద నాయకులు ఈ దీక్షని అంతగా పట్టించుకోలేదు. అప్పటికి ఒక దీక్ష చూశారు, అది ఆగిపోవడం కూడా చూశారు. ఇదీ అలాగే ముగుస్తుందనుకున్నవాళ్లే ఎక్కువ.

తిండి ఆగిపోతే శరీరంలో ఏం జరుగుతుందో ఒక్క నిమిషం చెబుతాను. ఎందుకంటే 58 రోజులు అని ఒక్క ముక్కలో అనేస్తున్నాం, దాని బరువు మనకి తెలియడం లేదు. కాలేయంలో దాచుకున్న చక్కెర ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. తర్వాత శరీరం కొవ్వుని కరిగించుకుని బతుకుతుంది. వారాలు గడిచేకొద్దీ కొవ్వు తరిగిపోయి కండ కూడా కరగడం మొదలవుతుంది. గుండె కూడా కండరమే. రక్తంలో లవణాల లెక్క తప్పుతుంది, నిలబడటం, మాట్లాడటం, చివరికి మింగడం కూడా కష్టమవుతుంది. ఈ దశలన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా, మెలకువగా ఉన్న మనిషికి తెలుస్తూనే జరుగుతాయి. ఆపాలనుకుంటే ఏ రోజైనా ఆపొచ్చు. ఆయన ఆపలేదు.

నవంబర్ గడిచేసరికి తెలుగు జిల్లాల్లో వేడి పెరిగింది. ఢిల్లీకి టెలిగ్రాములు వెళ్లాయి. డిసెంబర్ 3న నెహ్రూ, మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి ఒక లేఖ రాశారు. ఆంధ్ర రాష్ట్రం కోసం ఏదో దీక్ష జరుగుతోందట, కంగారు టెలిగ్రాములు వస్తున్నాయి, నేను చలించలేదు, పూర్తిగా పట్టించుకోకుండా ఉండబోతున్నాను అన్నది దాని భావం. సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత, 12న, అదే నెహ్రూ రాజాజీకి మళ్లీ రాశారు. ఈసారి ఆంధ్ర రాష్ట్రాన్ని ఒప్పుకోవడమే మంచిదన్నారు, లేకపోతే ఆంధ్రుల్లో నిరాశ చేయి దాటిపోతుందన్నారు.

డిసెంబర్ 12. అంటే శ్రీరాములు గారు ఇంకా బతికి ఉన్నారు. ప్రధాని మనసులో నిర్ణయం దాదాపు అయిపోయింది. కానీ మైలాపూర్‌లో మంచం మీద ఉన్న మనిషి నమ్మగలిగే స్పష్టమైన ప్రకటన బయటికి రాలేదు. ఈ మూడు రోజుల గురించి చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. దీక్షకి తలొంచితే రేపు ప్రతి ఊళ్లో ఒకరు కూర్చుంటారన్న భయం ఉండొచ్చు, అది పరిపాలకులకి ఉండే భయమే. కానీ ఒప్పుకోవాలని తేల్చుకున్నాక కూడా చెప్పకపోవడానికి ఆ కారణం సరిపోదని నా అభిప్రాయం.

డిసెంబర్ 15 రాత్రి పొట్టి శ్రీరాములు చనిపోయారు.

[రెండు సెకన్లు నల్ల తెర]

ఆ వార్త తెలుగు జిల్లాల్లో ఎలా పాకిందో చెప్పడానికి నాలుగు రోజులు చాలు. రైళ్లు ఆగిపోయాయి. రైల్వే స్టేషన్లు, ప్రభుత్వ ఆఫీసుల మీద దాడులు జరిగాయి. పోలీసు కాల్పుల్లో పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ పోయినవాళ్ల పేర్లు మనకి వినిపించవు, విగ్రహాలూ ఉండవు. డిసెంబర్ 15 అని తల్చుకునేటప్పుడు వాళ్లనీ తల్చుకోవాలని నా మనవి. డిసెంబర్ 19న నెహ్రూ పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని ప్రకటించారు. మద్రాసు నగరం లేకుండా.

ఆస్తులు, జిల్లాలు, ఇతర వివరాలు చూడటానికి జస్టిస్ వాంఛూని నియమించారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. నెహ్రూనే వచ్చి ప్రారంభించారు. ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి. కట్టడాలు చాలక చాలా ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్లడం వెనక 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం ఉంది. అది కోస్తాకీ రాయలసీమకీ మధ్య జరిగిన ఒప్పందం. దాని గురించి చెప్పాలంటే ఇంకో వీడియో కావాలి.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. శ్రీరాములు గారు ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణాలిచ్చారని చాలామంది అంటుంటారు. ఆయన అడిగింది మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలతో ఆంధ్ర రాష్ట్రం. హైదరాబాద్, తెలంగాణ అందులో లేవు. ఆంధ్ర రాష్ట్రం, తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956 నవంబర్ 1న. అది వేరే చర్చ, దానికి పెద్దమనుషుల ఒప్పందం ఉంది, తర్వాతి దశాబ్దాల గొడవలున్నాయి, 2014 జూన్ 2 ఉంది. తెలంగాణ మిత్రులు ఈ తేడాని ఎత్తి చూపినప్పుడు వాళ్లు చెప్పేది నిజం. దాన్ని ఒప్పుకుంటే శ్రీరాములు గారి గౌరవం ఏమీ తగ్గదు.

మరి జేవీపీ రిపోర్టు సంగతి? భాషా రాష్ట్రాలొస్తే దేశం ముక్కలవుతుందన్న భయం నిజం కాలేదు. ఆంధ్ర ఏర్పడి మూడు నెలలు నిండకముందే, 1953 డిసెంబర్‌లో, ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం వేశారు. 1956లో దక్షిణాది పటం మొత్తం భాషల ప్రకారం మారింది. కన్నడిగులకి, మలయాళీలకి కూడా ఆ నవంబర్ 1నే తమ రాష్ట్రాలు వచ్చాయి. దేశం నిలబడింది. అలాగని పటేల్ తప్పు చేశారని నేను తేలిగ్గా అనలేను. 1949లో శరణార్థుల శిబిరాలు ఇంకా నిండి ఉన్నాయి, హైదరాబాద్ విలీనమై ఏడాది కూడా కాలేదు. ఆయన ఆగమన్నారు. ఆగమనడం వేరు, ఎప్పటిదాకా ఆగాలో చెప్పకపోవడం వేరు. ఆ రెండో దానికే శ్రీరాములు గారు బలైపోయారు.

మద్రాసు పోయినా తెలుగువాళ్లు మద్రాసుని వదల్లేదు. ఇదే డిసెంబర్ 15న, 1933లో, నరసాపురంలో ఒక పిల్లాడు పుట్టాడు. సత్తిరాజు లక్ష్మీనారాయణ, మనందరి బాపు. శ్రీరాములు గారు కన్నుమూసిన రోజుకి ఆయనకి సరిగ్గా 19 ఏళ్లు నిండాయి. మద్రాసులో లా చదివి, అక్కడే బొమ్మలు గీసి, అక్కడే సినిమాలు తీసి, 2014లో అక్కడే చనిపోయారు. తెలుగు సినిమా పరిశ్రమ మొత్తం రాష్ట్రం విడిపోయాక కూడా దశాబ్దాల పాటు ఆ ఊళ్లోనే ఉంది.

[స్క్రీన్ మీద: చెన్నై, రాయపేట హైరోడ్]

చెన్నై వెళ్లే పని ఉన్నవాళ్లకి ఒక మాట. సాంబమూర్తి గారి ఇల్లు ఉన్న చోటు ఇప్పుడు పొట్టి శ్రీరాములు స్మారక భవనం. మైలాపూర్‌కి ఆనుకుని రాయపేట హైరోడ్ మీద ఉంటుంది. కపాలీశ్వర స్వామి గుడికి వెళ్లే తెలుగువాళ్లు వేలల్లో ఉంటారు, గుడి నుంచి అది దూరమేమీ కాదు. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. దీక్ష జరిగింది ఇక్కడేనని చూపించండి, నెల్లూరు గుడి తలుపుల సంగతి కూడా చెప్పండి.