కళ్ల ముందే జారిన కేబుల్

శ్రోతలకు నమస్కారం.

ఈరోజు అమెరికా గురించి మాట్లాడదామని వచ్చాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్సులో అందరికంటే ముందు నడిచిన దేశం అది. ఆ ముందు స్థానం ఇప్పుడెందుకు సడలుతోంది అన్నది ప్రశ్న. దీనికి లెక్కలు చాలా ఉన్నాయి, ఒకటి రెండు తర్వాత చెబుతాను. ముందు ఒక టెలిస్కోపు కథ చెప్పనివ్వండి. నాకు ఎంతో ఇష్టమైన టెలిస్కోపు. ఇప్పుడది లేదు.

ప్యూర్టోరికో అని కరీబియన్ సముద్రంలో ఒక దీవి ఉంది, అమెరికా ఏలుబడిలో ఉన్న దీవి. అక్కడ అరెసీబో అనే ఊరికి దగ్గర్లో, సున్నపురాయి కొండల మధ్య ప్రకృతే తవ్వి పెట్టినట్టు ఒక పెద్ద గుంట ఉంది. ఆ గుంటలో బాణలి బోర్లించకుండా పెట్టినట్టు ఒక రేడియో టెలిస్కోపు కట్టారు. 305 మీటర్ల వెడల్పు. లోపలంతా దాదాపు 39 వేల అల్యూమినియం రేకులు. 1963 నవంబరులో మొదలైంది. ఆ బాణలి కదలదు. దాని పైన, సుమారు 140 మీటర్ల ఎత్తులో, 900 టన్నుల ఇనుప వేదిక ఒకటి గాలిలో వేలాడుతూ ఉండేది. ఆకాశం నుంచి వచ్చే సంకేతాలను పట్టే పరికరాలన్నీ ఆ వేదికకే ఉండేవి. బాణలి కదలకపోయినా, వాటిని జరిపి కావలసిన వైపు గురిపెట్టేవారు. మూడు కాంక్రీటు స్తంభాల నుంచి వచ్చే కేబుళ్లే దానికి ఆధారం. ఆ కేబుళ్లను గుర్తుపెట్టుకోండి.

ఈ టెలిస్కోపు చేసిన పనులు చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన సమయం చాలదు. బుధగ్రహం తన చుట్టూ తాను తిరగడానికి 88 రోజులు పడుతుందని అంతా అనుకునేవారు. కాదు, 59 రోజులేనని 1965లో ఇక్కడి నుంచే తేల్చారు. 1974లో ఒక విద్యార్థి, ఆయన గురువు కలిసి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాలను ఇక్కడ కనిపెట్టారు. రసెల్ హల్స్, జోసెఫ్ టేలర్. గురుత్వ తరంగాలు, అంటే బరువైన నక్షత్రాలు అలా తిరిగేటప్పుడు పుట్టే అలలు, ఉన్నాయనడానికి మొదటి ఆధారం ఆ జంట నుంచే దొరికింది. 1993లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

కానీ నాకు అన్నిటికంటే నచ్చే సంగతి 1990 నాటిది. అప్పుడు టెలిస్కోపు మరమ్మతులో ఉంది. లోహం అలసి పగుళ్లు కనిపించడంతో బాగుచేస్తున్నారు. కావలసిన వైపు గురిపెట్టడానికి వీల్లేదు. మామూలు రోజుల్లో దాని మీద ఒక గంట సమయం దొరకాలన్నా శాస్త్రజ్ఞుల మధ్య పెద్ద పోటీ. ఇప్పుడు ఆ పోటీ లేదు. పోలండ్‌లో పుట్టిన అలెగ్జాండర్ వోల్ష్‌చాన్ అనే శాస్త్రజ్ఞుడు దాన్నే అవకాశంగా తీసుకున్నారు. తిప్పలేకపోతే ఏం, నెత్తి మీదుగా వెళ్లే ఆకాశాన్నే చూద్దామన్నారు. చూస్తే ఒక చచ్చిన నక్షత్రపు అవశేషం దొరికింది. సెకనుకు దాదాపు 160 సార్లు తిరుగుతోంది. తిరిగిన ప్రతిసారీ దాని నుంచి ఒక రేడియో సంకేతం గడియారంలా టిక్‌మని వస్తుంది. ఆ టిక్ టిక్‌లో చిన్న తేడా. ఒకసారి కాస్త ముందుగా, ఒకసారి కాస్త ఆలస్యంగా. ఏదో దాన్ని అటూ ఇటూ లాగుతోంది. ఆ లాగుతున్నవి రెండు గ్రహాలు! మన సూర్యుడికి సంబంధం లేని గ్రహాలు ఉన్నాయని మనిషికి గట్టిగా రుజువైంది అక్కడే. 1992లో ప్రకటించారు. మరమ్మతు కోసం ఆగిన రోజుల్లో దొరికిన సంగతి ఇది. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు కేబుళ్ల దగ్గరికి వద్దాం.

ఇంత బరువును మోసే కేబుల్‌ను స్తంభానికి ఎలా బిగిస్తారో తెలుసా? కేబుల్ అంటే వందలాది ఉక్కు తీగల కట్ట. చివర తీగలను చీపురు పుల్లల్లా విప్పుతారు. గరాటు ఆకారంలో ఉన్న ఉక్కు సాకెట్‌లోకి ఆ కుచ్చును దూర్చి, అందులో కరిగించిన జింకు పోస్తారు. జింకు గట్టిపడి తీగలను పట్టుకుంటుంది. గట్టి పద్ధతే, వంతెనలకూ వాడతారు. కానీ అరెసీబోలో జింకు ఏళ్ల తరబడి, కొంచెం కొంచెంగా పట్టు వదిలింది. కేబుల్ సాకెట్ నుంచి బయటికి జారుతోంది. దగ్గరికెళ్లి చూస్తే కంటికి కనిపిస్తుంది. కనిపిస్తూనే జారింది.

ఇదంతా జరుగుతుండగా డబ్బు సంగతి ఇంకోలా నడిచింది. కొత్త టెలిస్కోపులకు నిధులు కావాలి కాబట్టి దీని వాటా తగ్గించాలని, వేరే భాగస్వాములు దొరక్కపోతే మూసేయడం గురించీ ఆలోచించాలని 2006లోనే ఒక సమీక్షా సంఘం చెప్పింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ అక్కడ పనిచేసేవాళ్లకు ఒకటే టెన్షన్, వచ్చే ఏడు తెరిచి ఉంటుందా లేదా అని. 2017లో మరియా తుఫాను దీవిని చిన్నాభిన్నం చేసింది. మరమ్మతులకు డబ్బు మంజూరైంది, కానీ చేతికి రావడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా కేబుల్ జారుతోంది.

2020 ఆగస్టు 10న ఒక కేబుల్ సాకెట్‌లోంచి ఊడిపోయింది. ఎనిమిది సెంటీమీటర్ల లావు. కింద రేకులను చీల్చుకుంటూ పడింది. కొత్తది తెప్పిస్తుండగానే, నవంబరు 6న అదే స్తంభానికి చెందిన ఒక ప్రధాన కేబుల్ తెగింది. ఇక మనుషులను పైకి పంపడం ప్రాణాపాయమని, టెలిస్కోపును కూల్చివేయాలని నిర్ణయించారు. దానికీ సమయం దొరకలేదు. డిసెంబరు 1న ఉదయం ఎనిమిది కాకముందే, 900 టన్నుల వేదిక ఆ బాణలి మీద కూలింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. డ్రోన్ తీసిన వీడియో ఉంది. ముందు ఒక్కొక్క తీగ పుటుక్కున తెగి, చిన్న పొగలా లేస్తుంది. తర్వాత అంతా ఒక్కసారిగా. ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. చివరి వరకూ చూడలేక ఆపేసిన రోజులూ ఉన్నాయి.

మరి దేశం సంగతి? ఇప్పటికీ అమెరికా సైన్సు మీద పెద్ద మొత్తాలే ఖర్చు చేస్తోంది. ఆ విశ్వవిద్యాలయాల్లో చదవాలని ప్రపంచమంతా వెళుతూనే ఉంది, మన తెలుగు పిల్లలతో సహా. కాబట్టి అంతా అయిపోయిందని నేననను. కానీ 1960ల మధ్యలో అక్కడి కేంద్ర ప్రభుత్వం జాతీయాదాయంలో దాదాపు 2 శాతం పరిశోధనకు పెట్టేది. ఇప్పుడది 1 శాతం కూడా లేదు. కంపెనీలు పెట్టే డబ్బు బాగా పెరిగిన మాట నిజమే. అయితే బుధుడు ఎన్ని రోజులకు తిరుగుతాడో తెలుసుకోవడానికి ఏ కంపెనీ డబ్బిస్తుంది? ఏటా వెలువడే పరిశోధన పత్రాల సంఖ్యలో చైనా అమెరికాను దాటేసింది. వైద్య పరిశోధనలో ఒక శాస్త్రజ్ఞుడికి సొంతంగా మొదటి పెద్ద గ్రాంటు వచ్చేసరికి సగటున నలభై దాటుతోంది. బుర్ర చురుగ్గా ఉన్న వయసంతా ఇంకొకరి దగ్గర ఎదురుచూపుల్లో పోతోంది. దీనికి తోడు బడ్జెట్ గొడవలు. 2018 డిసెంబరు నుంచి 35 రోజులు కొన్ని ప్రభుత్వ శాఖల కార్యాలయాలు మూతపడ్డాయి. పరిశోధన అలా ఆగి మొదలయ్యే పని కాదు.

కారణాలు ఇంకా చెప్పేవాళ్లున్నారు. బళ్లలో లెక్కలు సరిగా చెప్పడం లేదంటారు, వీసాల ఇబ్బందులంటారు. అన్నిట్లోనూ కొంత నిజం ఉంది. నాకు మాత్రం ఆ సాకెట్టే కనిపిస్తుంది. కొత్తది కట్టేటప్పుడు ఉన్న ఉత్సాహం, కట్టినదాన్ని నిలబెట్టుకోవడంలో లేదు. ప్రారంభోత్సవానికి పెద్దలందరూ వస్తారు. సాకెట్‌లో జింకు ఎలా ఉందో చూసేవాడికి జీతం ఇవ్వాలంటేనే డబ్బు ఉండదు.

అందుకే నేను కోరేది ఒక్కటే. ఏ పెద్ద పరికరానికైనా కట్టే డబ్బు మంజూరు చేసిన రోజే, దాన్ని నడిపి బాగుచేసే డబ్బు కూడా మంజూరు కావాలి. విడిగా, ముట్టుకోవడానికి వీల్లేకుండా. ఒక ఏడాది కోసం కాదు, అది పనిచేసినంత కాలం కోసం.

అరెసీబోను మళ్లీ కట్టబోమని 2022లో ప్రకటించారు. చైనాలో 500 మీటర్ల టెలిస్కోపు పనిచేస్తోంది, 2021 నుంచి బయటి దేశాలవాళ్ల దరఖాస్తులూ తీసుకుంటోంది. కానీ భూమి దగ్గరికొచ్చే గ్రహశకలాల మీదికి రాడార్ కిరణం పంపి వాటి ఆకారం, దారి కనిపెట్టే పని ఆ టెలిస్కోపు చేయదు. అరెసీబో చేసేది.

2025 జూన్‌లో చిలీ కొండ మీద అమెరికా కట్టిన వేరా రూబిన్ టెలిస్కోపు మొదటి చిత్రాలు విడుదలయ్యాయి. ఎంత అందంగా ఉన్నాయో. దక్షిణాకాశాన్నంతా మళ్లీ మళ్లీ ఫొటో తీయడం దాని పని. అదే ఏడాది, దానికి డబ్బిచ్చే జాతీయ సైన్స్ ఫౌండేషన్ బడ్జెట్‌ను సగానికి పైగా తగ్గించాలని అమెరికా ప్రభుత్వం ప్రతిపాదించింది. ఆ టెలిస్కోపు పెట్టుకున్న సర్వే పదేళ్లది.

నమస్కారం.